రెండు దేశాల బండిలో గలగల

మా ఇల్లు అశోక్‌నగర్‌లో. కింది వాటాలో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ నడుస్తోంది. అక్కడ చదివి చదివి, నోటిఫికేషన్లు రాక విసుగెత్తి, కార్ల వర్క్‌షాపుల్లో సర్వీస్ అడ్వైజర్లుగా చేరిన పిల్లలు కొందరు మెట్లెక్కి నా దగ్గరికి వస్తుంటారు. "మేడం, ఈ ఉద్యోగానికి ఏం చదవాలి?" అన్నది వాళ్ళ మొదటి ప్రశ్న. అలవాటు కొద్దీ సిలబస్ అడుగుతారు పాపం.

ఏమీ చదవక్కర్లేదు. వినాలి. వేళ్ళ నిండా ఉంగరాలున్న పెద్దమనుషులు మన ఎదురుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, నోటితో బండి చప్పుళ్ళు చేస్తుంటే నవ్వకుండా వినాలి. ఆ చప్పుడు దేనిదో పోల్చుకుని మెకానిక్కుకి చెప్పాలి. ఉద్యోగమంటే ఇదే. మిగతాదంతా ఇప్పుడు కంప్యూటర్ చేస్తోంది.

నేను ఆ పని నారాయణగూడలో ఒకే వర్క్‌షాప్‌లో, ఒకే యజమాని దగ్గర చేసి రిటైరయ్యాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చింది ఒక్కటే, దానితో నా కుర్చీకి చేతులు వచ్చాయి, అంతే. అక్కడ నేర్చుకున్నవి మాత్రం రాస్తాను.

చప్పుళ్ళ చదువు

ఒకసారి చిక్కడపల్లిలో బట్టల దుకాణం ఉన్న దంపతులు వచ్చారు. ఆయన గొంతు సవరించుకుని "గుయ్‌య్‌య్" అన్నాడు. పక్కనుంచి ఆమె, "గట్ల కాదు, మధ్యల జర తగ్గుతది" అని సరిదిద్ది, తనూ "గుయ్... గూ... గుయ్" అంది. ఎవరిది సరైన గుయ్యో తేల్చుకోలేక ఇద్దరూ కలిసి అందుకున్నారు. జంటగా పాడాక నాకు అర్థమైంది. వెనక చక్రం బేరింగ్ పోయింది.

టకటక అంటే ఇంజిను తల దగ్గర చూడాలి. కిర్రుకిర్రుమంటే బ్రేకులు. లొడలొడ అంటే కింద రబ్బరు బుష్షులు అరిగాయి. తుస్సుమంటే చెప్పక్కర్లేదు. ఇవన్నీ ఒక్క ఏడాదిలో పట్టుబడతాయి. పట్టుబడనిది ఇంకొకటుంది. మన దగ్గరికి రాగానే బండి నోరు మూసుకుంటుంది, డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయినట్టు. అప్పుడు కస్టమర్ మొహం చిన్నబోతుంది. ఆ సమయంలో మీరు అనకూడని మాట ఒక్కటుంది: "నాకేం వినపడట్లేదండీ." ఆ మాట అన్నారా, ఆ మనిషి పొరుగింటి వాళ్ళతో సహా మీ గేటు తొక్కడు. చప్పుడు వినపడకపోయినా తలాడించాలి. నేను నా సర్వీసులో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.

మా సేటు

యజమాని యాదగిరి గారు. మెకానిక్కులందరికీ సేటు. ముందు చిన్న షోరూమ్, వెనక వర్క్‌షాప్, మధ్యలో ఆయన కుర్చీ. ఆ కుర్చీలోంచి రెండూ కనిపించాలని దాన్ని అడ్డంగా వేయించుకున్నారు, అందుకని వచ్చినవాళ్ళకి ఎప్పుడూ ఆయన ఒక చెవి మాత్రమే కనిపించేది. కోపం వస్తే ఇరానీ చాయ్ తెప్పించేవారు. సంతోషం వచ్చినా అదే. చాయ్ వచ్చాక గాని ఏది వచ్చిందో మాకు తెలిసేది కాదు.

ఆయనకు రెండు పట్టింపులు. మంగళవారం కొత్త బండి ఇవ్వకూడదు. ఇచ్చే ప్రతి బండికీ పూజ తన చేతుల మీదే జరగాలి. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్‌కి బంతిపూల దండ, కొబ్బరికాయ, హారతి, అక్షింతలు, వరసగా అన్నీ. బండి కొన్నవాళ్ళు సెల్ఫీలు దిగుతుంటే ఈయన కళ్ళు మూసుకుని నిలబడేవారు. ఒకసారి, "ప్రతి బండికీ ఇంత అవసరమాండీ?" అని అడిగాను.

"ఆళ్ళు బండి కొన్నరు విజయమ్మా. మనం మందిని రోడ్డు మీదికి తోలుతున్నం. సల్లగ ఇల్లు చేరాలె గద" అన్నారు. నాకు దేవుడి మీద అంత పట్టింపు లేదు గాని, ఆ మాట మీద గౌరవం కలిగింది. ఇప్పటికీ ఉంది.

రెండు బోర్డులు

మాది మొదట అమెరికా కంపెనీ ఏజెన్సీ. ఉన్నట్టుండి ఒకనాడు ఆ కంపెనీ, ఇటలీ కంపెనీ ఒకటికొకటి తోడుగా నిలబడి కార్లు చేయబోతున్నాయని కబురు వచ్చింది. మా సేటు చాయ్ తెప్పించారు.

"అమెరికోడు, ఇటలోడు ఒక్కటైన్రంట విజయమ్మా. మనకేమన్న పరేషానా?"

"మనకెందుకండీ? బండి ఒకటే కదా" అన్నాను. నా నోటి చలవ అలాంటిది.

మొదటి పరేషాన్ బోర్డులతోనే మొదలైంది. గేటు మీద ఇద్దరి బోర్డులూ పెట్టాలి. అమెరికా వైపు అధికారి వచ్చి తమ బోర్డు పైన ఉండాలన్నాడు. ఇటలీ వైపు అధికారి ఫోన్ చేసి తమది పైన ఉండాలన్నాడు. మా హెడ్ మెకానిక్ బాలయ్య పాలమూరు వైపు మనిషి, ఎక్కువ మాట్లాడడు. రెండు బోర్డులకీ కొక్కేలు వేసి, ఎవరు వస్తే వాళ్ళది పైకి ఎక్కించేవాడు. ఒకరు వెళ్ళిన గంటకే ఇంకొకరు వచ్చిన రోజున నిచ్చెన దిగడానికి కూడా తీరిక దొరకలేదు.

తరవాత ఇద్దరూ కలిసి చేసిన కారు వచ్చింది. బయటి ఒళ్ళంతా అమెరికా వాళ్ళది. లోపల ఇంజిను, ఏసీ ఇటలీ వాళ్ళవి. బండి నిజంగా బాగుంది, కాదనను. మా షోరూమ్‌లో బాగానే అమ్ముడుపోయింది. సేటు పూజల మీద పూజలు చేశారు.

గలగల

ఆ కారు కొన్నవాళ్ళలో శ్రీమన్నారాయణ గారు ఒకరు. విద్యానగర్‌లో ఉండే రిటైర్డ్ లెక్చరర్, తెలుగు పాఠం చెప్పినాయన. ఆయన వచ్చి నా ముందు కూర్చుని, కండువా సర్దుకుని, "మేడం గారూ, ఒక్కసారి చేసి చూపిస్తాను, సావధానంగా వినండి" అన్నారు. "గలగలగలగల" అని ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ "గలగల" అన్నారు.

"ఏసీ వేసినప్పుడాండీ?"

"అప్పుడే. మొదట మా ఆవిడ గాజులనుకున్నాను. ఆవిడ పుట్టింటికి వెళ్ళాక కూడా వచ్చింది."

నా చప్పుళ్ళ చదువులో గలగలకి అర్థం లేదు. ఆ వారంలోనే గాంధీనగర్ నుంచి ఒకాయన వచ్చి "జలజల" అన్నాడు. బాగ్ లింగంపల్లి నుంచి ఒకావిడ వచ్చి "సరసర, ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు" అంది. ఆవిడ చెప్పింది విని కూడా నాకు ఏమీ తట్టలేదు చూడండి! ఎదుటివాళ్ళ పోలికల్ని వట్టి పోలికలుగా కొట్టిపారేయకండి, పిల్లలూ. ఒక్కోసారి అవే జవాబులు.

బాలయ్య సీట్లు విప్పాడు, తలుపులు విప్పాడు. పల్లీలు దొరికాయి, ఒక పిల్లాడి చెప్పు దొరికింది, ఎవరిదో పళ్ళ సెట్టు దొరికింది. గలగల మాత్రం దొరకలేదు. ఇక మిగిలింది ఏసీ పెట్టె. దాని దగ్గరికి వెళ్ళాలంటే పైనున్న డాష్‌బోర్డు విప్పాలి. కొత్త బండ్లు కాబట్టి కంపెనీ ఒప్పుకోవాలి. డాష్‌బోర్డు మాది, ఇటలీ వాళ్ళ ఏసీ కోసం విప్పనివ్వం అన్నారు అమెరికా వాళ్ళు. ఏసీ మాది, అమెరికా వాళ్ళ డాష్‌బోర్డు మోగుతుంటే మా పెట్టె ఎందుకు ముట్టుకుంటారన్నారు ఇటలీ వాళ్ళు. ఒకే ఒరలో రెండు కత్తులంటే ఏమిటో అప్పుడు చూశాను.

ఇంతలో ఇంకో సంగతి బయటపడింది. దేశంలో మరే ఊళ్ళోనూ ఆ కారు గలగలమనడం లేదు. ఒక్క నారాయణగూడ గేటు దాటిన బండే గలగలమంటోంది. దాంతో రెండు కంపెనీలకీ మొదటిసారి ఒక మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది: తప్పు మా వర్క్‌షాప్‌ది. ఇద్దరు పెద్ద ఇంజినీర్లు వస్తారని, వాళ్ళు కూడా మా పనిలోనే లోపం ఉందని తేలిస్తే ఏజెన్సీ తీసేసి ఊరికి అటు చివర ఇంకొకరికి ఇస్తారని తాఖీదు వచ్చింది.

ఆ రోజు సేటు చాయ్ తెప్పించలేదు. అందుకే మాకందరికీ భయమేసింది.

"బోర్డు పోతే పోనీ. నాదేమున్నది, ఇంట్ల గూసుంట" అన్నారు నాతో. "బాలయ్యోళ్ళు గింతమంది ఏడికి పోతరు విజయమ్మా? ఇండ్ల కిరాయిలు ఈడ, పిల్లల బడులు ఈడ. బండి చప్పుడు చేస్తే గీళ్ళదేం తప్పు?"

నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం దాకా ప్రతి కస్టమర్ చేతా రెండేసి సార్లు చప్పుడు చేయించుకుని విన్నాను. లాభం లేకపోయింది.

ఏ పరీక్షకు ఈ కోచింగ్?

అమెరికా ఇంజినీరు పేరు డేవిడ్. ఇటలీ ఆయన మార్కో. ఇద్దరూ ఒకే విమానంలో వచ్చి వేరువేరు టాక్సీల్లో దిగారు. ఆ రోజుకి బాలయ్య రెండు బోర్డులూ దించేసి, "స్వాగతం" అని గుడ్డ కట్టేశాడు. నాకు తెలిసి ఆ కూటమి మొత్తంలో రాజనీతి తెలిసినవాడు అతనొక్కడే.

ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అయినా డేవిడ్ నాతో, "డాష్‌బోర్డులో లోపం లేదని ఆయనకు చెప్పండి" అనేవాడు. మార్కో నా వైపే తిరిగి, "విన్నానని చెప్పండి" అనేవాడు. మా పెద్దమ్మ, పెద్దనాన్న జీవితమంతా ఇలాగే కాపురం చేశారు కాబట్టి నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

శ్రీమన్నారాయణ గారి కారులోనే విందామని బయల్దేరాం. ముందు సీట్లలో దొరలిద్దరూ, వెనక నేనూ లెక్చరర్ గారూ. అశోక్‌నగర్ సందుల్లో పుస్తకాల మోపులతో పిల్లలు అడ్డం పడుతుంటే కారు నడక కంటే నెమ్మదిగా పోతోంది. ఏసీ వేయగానే గలగల మొదలైంది.

డేవిడ్ శ్రద్ధగా విని, "టిక్, టిక్. లోహం" అన్నాడు. మార్కో చెయ్యి ఊపి, "కాదు, టిర్‌ర్‌ర్. ప్లాస్టిక్" అన్నాడు. టిక్కని ఒకరు, టిర్రని ఒకరు, నా ద్వారానే పోట్లాటకి దిగారు. లెక్చరర్ గారు ఓర్చుకోలేకపోయారు. ముందుకు వంగి, ఇంగ్లీషులో, "అయ్యా, మీరిద్దరూ తప్పు పలుకుతున్నారు. గ-ల-గ-ల. 'ల' దగ్గర నాలుక పైకి తగలాలి. ఏదీ, నాతో పాటు అనండి" అన్నారు. ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పిన గొంతు అది. ఎదురు చెప్పడానికి ఏ దేశం వాడికైనా ధైర్యం చాలదు. డేవిడ్ "గళ్ళగళ్ళ" అన్నాడు. మార్కో "గాలాగాలా" అన్నాడు. ఆయన మళ్ళీ అనిపించారు. నన్ను కూడా అనమన్నారు.

చప్పుడు బయటికి కూడా వినపడుతుందేమో చూడ్డానికి కారు అద్దాలు దించి ఉంచారు. టీ బండి దగ్గర నిలబడ్డ కుర్రాడొకడు మమ్మల్ని కాసేపు చూసి, కిటికీలోకి తొంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "సార్, గిది ఏ పరీక్షకు కోచింగ్?"

గుప్పెడు గుప్పెడు

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి లారీ మీద సరికొత్త కారు దిగింది. ఎవరూ ముట్టుకోని బండి. దాన్ని మా ఆవరణలోనే నడిపి చూస్తారట. అది చప్పుడు చేయకపోతే కారులో లోపం లేదు, వర్క్‌షాప్‌దే తప్పు. దొరలిద్దరూ ఎక్కి ఏసీ వేశారు. ఈగ వాలినా వినపడేంత నిశ్శబ్దం. డేవిడ్ చిరునవ్వు నవ్వాడు, మార్కో కూడా నవ్వాడు. మా బాలయ్య తల దించుకున్నాడు. కాస్త చాయ్ తాగి వచ్చి, బండిని ఒకసారి రోడ్డెక్కించి, రిపోర్టు రాసేస్తామన్నారు.

వాళ్ళు చాయ్ తాగి వచ్చేసరికి సేటు చేతిలో పూజ పళ్ళెం ఉంది.

"ఇప్పుడెందుకండీ?" అన్నాను చిన్నగా.

"కొత్త బండి మన గేటు దాటుతున్నది. పూజ లేకుండ ఎట్ల పంపుత? మనకు గిదే ఆఖరిదేమో" అన్నారు. నేను పక్కకు తప్పుకున్నాను.

నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆఖరి బండి అనుకున్నారేమో, అక్షింతలు మామూలుగా కన్నా ధారాళంగా, దోసిలితో, బానెట్ మీదా అద్దం మీదా కుమ్మరించారు. కుమ్మరించి, అతిథులు కదా అని ఆ ఇద్దరి చేతుల్లోనూ గుప్పెడు గుప్పెడు పోశారు.

మార్కో మొహం వెలిగిపోయింది. తమ ఊళ్ళో పెళ్ళిళ్ళకి చర్చి బయట ఇలాగే బియ్యం చల్లుతారట. వాళ్ళ అక్క పెళ్ళి గుర్తొచ్చిందన్నాడు. డేవిడ్ ఊరుకుంటాడా? "మేమూ చల్లుతాం" అని నాతో కాకుండా తిన్నగా మార్కోతోనే అన్నాడు. రెండు రోజుల్లో వాళ్ళు ముఖాముఖీ మాట్లాడుకోవడం అదే మొదలు. మార్కో అద్దం మీద చల్లాడు. డేవిడ్ ఇంకాస్త గట్టిగా చల్లాడు. మార్కో రెండో గుప్పెడు అందుకున్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా రెండు దేశాలూ పోటీలు పడ్డాయి.

నవ్వుకుంటూ ఇద్దరూ కారెక్కారు. డేవిడ్ ఏసీ వేశాడు.

గలగలగలగల.

సేటు చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉండిపోయింది. మార్కో దిగి, కోటు విప్పి, తనే స్పానర్ అందుకుని వైపర్ల కింద ఉండే మూత ఊడదీశాడు. అద్దం మీంచి జారిన గింజలు బయటి గాలి లోపలికి పోయే కంతల్లోంచి దూరి, తిన్నగా ఏసీ ఫ్యాన్ ఒళ్ళో పడ్డాయి. పచ్చగా, పసుపు వాసనతో. నెలల తరబడి రెండు ఖండాల వాళ్ళు తవ్వింది కొండ, పట్టింది ఎలుక. తక్కిన ఊళ్ళల్లో పంతుళ్ళు నాలుగు గింజలు విదిల్చి ఊరుకుంటారు. మా సేటు చెయ్యి పెద్దది.

ఆయన మెల్లగా వచ్చి ఇద్దరి ముందూ నిలబడ్డారు. "తప్పు నాది. బోర్డు తీస్కపోండ్రి. పోరగాళ్ళనైతే ఎక్కడన్న పెట్టుకోండ్రి" అన్నారు. ఇంగ్లీషులో చెప్పమన్నారు నన్ను. చెప్పాను.

డేవిడ్ వినడం లేదు. ఆ కంతల్లోకే చూస్తున్నాడు. "ఇక్కడ జాలీ ఏదీ?" అన్నాడు.

"మీరు పెడతారనుకున్నాం" అన్నాడు మార్కో.

"మేము మీరు పెడతారనుకున్నాం."

కంతలు అమెరికా వాళ్ళవి. వాటి కింద ఏసీ మూతి ఇటలీ వాళ్ళది. మధ్యలో ఉండాల్సిన జాలీ ఎవరిదీ కాదు. పొత్తు కలిసిన ఏ పనిలోనైనా సరే, పిల్లలూ, ముందు అతుకు దగ్గర చూడండి. ఎవరి ముక్క వాళ్ళు బంగారంలా చేస్తారు. మధ్యలోది ఇంకొకరు చూసుకుంటారనుకుంటారు.

ఇద్దరూ మళ్ళీ కారులో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు, నా సాయం లేకుండా. ఆ రిపోర్టు ఎలా రాస్తారోనని మేమందరం కారు చుట్టూ తచ్చాడాం. కానీ అక్షింతల మీద నెట్టేస్తే, ఈ బండిలో పడ్డ గుప్పెళ్ళు ఎవరివని అడుగుతారు. జాలీ మీద నెట్టేస్తే, జాలీ ఎవరిదని అడుగుతారు. అందుకని, "నారాయణగూడ వర్క్‌షాప్ సహకారంతో లోపం కనుక్కున్నాం" అని రాసి, ఇద్దరూ సంతకం పెట్టారు. సేటు చాయ్ తెప్పించారు. ఈసారి ఎందుకో అడగాల్సిన పని లేకపోయింది.

బాలయ్య చిక్కడపల్లి మార్కెట్‌కి వెళ్ళి దోమల జాలీ తెచ్చి, కత్తిరించి, అన్ని బండ్లకీ బిగించాడు. తరవాత కంపెనీ నుంచే జాలీలు వచ్చాయి. డబ్బా మీద రెండు కంపెనీల పేర్లూ ఉన్నాయి, ఎవరిది పైన ఉండాలో తేలక పక్కపక్కన అచ్చు వేశారు.

గేటు దాటాక

ఆ మొదటి కార్లలో ఒకటి తరవాత నేనే కొనుక్కున్నాను. శ్రీమన్నారాయణ గారు నడపడం మానేశాక ఆయన దగ్గరే తీసుకున్నాను. నేను రిటైరైన రోజు అది మా ఆవరణలో దండ వేసుకుని నిలబడి ఉంది. సేటు బాగా ముసలివారయ్యారు. అయినా పళ్ళెం తెప్పించి, పాత బండికే పూజ చేసి, రెండు దోసిళ్ళు కుమ్మరించారు. జాలీ ఉంది కదా అని నేనూ ఊరుకున్నాను.

నారాయణగూడ దాటి అశోక్‌నగర్ మలుపు తిరిగి ఏసీ వేశాను. గలగల! బాలయ్యకి ఫోన్ చేశాను.

"సేటు పొద్దుగాల్నే జాలీ తీపిచ్చిండు అక్కా" అన్నాడు. "చెప్పొద్దన్నడు. 'విజయమ్మ మన గేటు దాటి పోతున్నది, చప్పుడు లేకుండ ఎట్ల పోతది' అన్నడు."

కారు పక్కకి ఆపి కాసేపు ఏడ్చాను. టీ బండి దగ్గర పిల్లలు చూస్తున్నారని తుడుచుకుని ఇంటికి వచ్చాను.

మొన్న సర్వీసింగ్‌కి తీసుకెళ్తే, నా కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుంది. మా కింది వాటా కోచింగ్ పిల్లే, నేను చెప్పినవన్నీ విని చేరింది. బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చి, "మేడం, ఏసీ వేస్తే ఒక చప్పుడొస్తోంది, తీయించమంటారా?" అంది.

"ఎలా వస్తోంది? చేసి చూపించు."

సిగ్గుపడుతూ, కళ్ళు మూసుకుని, "గలగలగల" అంది. చక్కగా అంది. 'ల' దగ్గర నాలుక సరిగ్గా తగిలింది.

నేను తల అడ్డంగా ఆడించి, "నాకేం వినపడట్లేదమ్మా" అన్నాను.